డైనమోకు తోడు వేసిన రోజు

మా ముత్తాత పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాతగారు వస్తున్నారంటే తాలూకా కచేరీలో పేష్కారు కుర్చీలోంచి లేచేవాడు. మా బాపు హైదరాబాదు కోర్టుల్లో మూడు దావాలు నడిపి మూడూ ఓడిపోయారు గానీ, ప్రతి తీర్పుకూ కొత్త షేర్వానీ కుట్టించుకునే వెళ్లారు. పేర్లు రాయను. తెలిసినవాళ్లకు అక్కర్లేదు. తెలియనివాళ్లు, రాసినా లేచి నిలబడరు.

అటువంటి ఇంట్లో నాలుగో తరం వాడినైన నేను, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఊరి పవర్‌హౌస్‌లో హెల్పరుగా చేరాను. హెల్పరంటే ఇంజను తుడిచేవాడు. ఇంట్లో ఆ మాట చెప్పలేదు. విద్యుత్ శాఖలో కొలువు అన్నాను. బాపు కాసేపు ఆలోచించి, "నీ చేతికింద ఎందరు?" అని అడిగారు. "రెండు యంత్రాలు" అన్నాను. ఆయనకు తృప్తి కలిగింది.

ఇప్పుడు శాఖలో చేరుతున్న పిల్లలకు ఆ రోజుల సంగతి ఒక్క మాట చెప్పాలి. మాకు కరెంటు ఎక్కడి నుంచో తీగల మీద నడిచి వచ్చేది కాదు. ఊరి చివర రేకుల షెడ్డులో ఒక డీజిల్ ఇంజను, దానికి తోలు బెల్టుతో తగిలించిన ఒక డైనమో, అంతే. సాయంత్రం ఆరింటికి ఇంజను తిప్పితే వీధి దీపాలు, ఓ నూరు ఇళ్లు, రెండు హోటళ్లు వెలిగేవి. ఇంజను దగ్గితే ఊరంతా కళ్లు ఆర్పినట్టుండేది.

షెడ్డులో మేం ముగ్గురం. మొదటివాడు ఉస్తాద్, మెషీన్లన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పూర్వం పత్తి మిల్లులో పనిచేసినవాడు. అక్షరం ముక్క రాదు. గోడ అవతల నిలబడి ఇంజను చప్పుడు విని, ఏ నట్టు వదులైందో చెప్పేవాడు. రెండోవాడు లైన్‌మన్, నవ్వడానికే పుట్టిన పద్మశాలి కులస్థుడు. మూడోవాడిని నేను.

చేరిన రోజే ఉస్తాద్‌కు స్పష్టంగా చెప్పాను, నన్ను ఇక్కడందరూ దొర అనే పిలుస్తారని. ఆయన ఎంతో మర్యాదగా తల ఊపాడు.

"అట్లనే దొరా. గా చీపురు అందుకో దొరా."

ఆ రోజు నుంచి రెండేళ్లు ఆయన నన్ను దొరా అనే పిలిచాడు. ఆ పిలుపుతో పాటు ప్రతిసారీ ఏదో ఒక పని వచ్చేది.

అసలు కథ మహర్నవమి నాటిది. దానికి పది రోజుల ముందు, సర్టిఫికెట్ లేనివాడి చేతిలో పవర్‌హౌస్ పెట్టారని ఎవరో పైకి అర్జీ రాశారు. కరీంనగర్ నుంచి ఇంజనీరు గారే స్వయంగా వచ్చి చూస్తారని కబురొచ్చింది. ఆయన కుటుంబంతో వేములవాడ రాజన్న దర్శనానికి పోతూ, నవమి సాయంత్రం ఆరింటికి మా దగ్గర ఆగుతారట. యంత్రం సరిగ్గా నడుస్తుంటే ఉస్తాద్ ఉంటాడు. లేకపోతే ఇంటికి పోతాడు. ఇంటికి పోవడమన్నది మాటవరసకే, ఎందుకంటే ఆయన ఇల్లు కూడా పవర్‌హౌస్ వెనకాల సర్కారు గదే. ఉద్యోగం పోతే ఆయనా, ఆయన భార్యా, ఆమె పెంచే ఆరు కోళ్లూ రోడ్డు మీద ఉంటారు.

నవమి అంటే ఆయుధపూజ. అంతకుముందు సంవత్సరాల్లో లైన్‌మన్ ఒక కొబ్బరికాయ కొట్టి, ఇంజనుకు రెండు బొట్లు పెట్టి ముగించేవాడట. నాకది నచ్చలేదు. మా గడిలో, అంటే కోటలాంటి మా ఇంట్లో, కత్తులకు, తుపాకులకు పూజంటే సగం రోజు పట్టేది. ప్రతి ఆయుధాన్నీ విడదీసి, కడిగి, నూనె రాసి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చేవాళ్లం. ఈసారి పూజ నేను చేస్తానని ప్రకటించాను.

ఉస్తాద్ ఆ ఉదయం డీజిల్ పీపాల కోసం బండి కట్టించుకుని పోతూ, కొబ్బరికాయలకని తన వంతు డబ్బులు నా చేతిలో పెట్టి అన్నాడు.

"పూజ మంచిగ చెయ్యి. కాయ ఇంజను మీద కొట్టకు, బయట కొట్టు. డైనమో తీగలు ముట్టకు."

మొదటి రెండు మాటలూ సబబుగానే తోచాయి. మూడోది ఆజ్ఞలా వినిపించింది. మాకు ఆజ్ఞలు ఇవ్వడమే గానీ తీసుకోవడం అలవాటు లేదు.

ముట్టాను. డైనమో పక్కన రెండు బోల్టులకు రెండు తీగలు బిగించి ఉండేవి. ఒకదానికి జిడ్డు పట్టి నల్లబడ్డ ఎర్ర దారం ముక్క కట్టి ఉంది. పూజకు ఇంత మురికా అనుకుని దారం తెంపి పారేశాను. తీగలు రెండూ విప్పి, కిరసనాయిలుతో తోమి, పసుపు రాసి, బొట్లు పెట్టాను. తిరిగి బిగించబోతే రెండూ పేరంటానికి బయల్దేరిన అక్కాచెల్లెళ్లలా ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏ బోల్టుదో తెలియలేదు. ఏదైతేనేం అనుకున్నాను. ఏదైతేనేం అన్న మాట వల్లనే మా వంశం పదకొండు ఊళ్ల నుంచి రెండు యంత్రాలకు వచ్చింది. ఆ తర్వాత ఇచ్చోడలో, ఆదిలాబాద్‌లో, ఇంకా పెద్ద స్టేషన్లలో ముప్పై ఏళ్లు పనిచేశాను. గుర్తు కట్టకుండా ఒక్క తీగ విప్పలేదు. మీరూ విప్పకండి.

మూడున్నరకు ఉస్తాద్ తిరిగొచ్చాడు. పూజ చూసి, "పెండ్లిపందిరి లెక్కనే చేసినవ్" అని మెచ్చుకున్నాడు. ఇంజనీరు వచ్చేలోపు ఒకసారి తిప్పి చూద్దామన్నాడు. ఇంజను డుబుడుబుమంటూ లేచింది. బెల్టు తిరిగింది. డైనమో తిరిగింది. గోడ మీద వోల్టు మీటరు ముల్లు మాత్రం భోజనం చేసి పడుకున్నవాడిలా కదల్లేదు.

ఉస్తాద్ ఇంజను ఆపాడు. డైనమో పక్కన కూర్చుని తీగలు చూశాడు.

"ఎర్రదారం ఏది?"

"మురికిగా ఉందని తీసేశాను."

ఆయన పానా అందుకున్నాడు. తీగలు అటుదిటు, ఇటుదటు మార్చి బిగించి మళ్లీ తిప్పించాడు. ముల్లు లేవలేదు. అప్పుడు టోపీలో గుచ్చుకునే సూది తీసి, ఆగిన డైనమో కడుపులోకి చెయ్యి పెట్టి, లోపలి ఇనుప దిమ్మెకు తాకించి వదిలాడు. రోజూ అయితే సూది ఆ దిమ్మెకు అంటుకుని వేలాడాలి. టిక్కుమని కింద పడింది.

"తోడు పోయింది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"పాలల్ల తోడేసుడు ఎర్కేనా?"

"ఎరుకే."

"నిన్నటి పెరుగు జరంత మిగిలితెనే ఇయ్యాల పాలు పెరుగైతయి. గిదీ గంతే. నిన్నటి సూదంటు బలం ఇనుముల జరంత మిగిలుంటది. దాని ముంగట తీగచుట్ట తిరిగితె జరంత కరెంటు పుడ్తది. గా కరెంటు మళ్ల ఇనుము సుట్టు తిరిగి సూదంటు బలం పెంచుతది. బలం పెరిగితె కరెంటు పెరుగుతది. గట్ల ఒకదాన్నొకటి పెంచుకుంట పోతయి. నువ్వు తీగలు ఉల్టా కడితివి. పుట్టిన కరెంటు బలం పెంచుడు ఇడిసిపెట్టి, ఉన్న తోడును నాకింది. గిన్నె కడిగినట్టు కడిగింది."

నేను ఉర్దూ మీడియంలో మెట్రిక్ చదివినవాడిని. అయస్కాంతాన్ని మఖ్నాతీస్ అంటారని, తీగచుట్ట దాని ముందు తిరిగితే విద్యుత్తు పుడుతుందని బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నవాడిని. అది మా వంటింటి మూలన ఉట్టి మీద రోజూ జరిగే పనిలాంటిదేనని ఏ మాస్టరూ చెప్పలేదు.

"ఇప్పుడెలా?" అన్నాను.

"తోడు లేనోళ్లు ఏం జేస్తరు? పక్కింటికి పోతరు."

బయటి నుంచి ఒక బ్యాటరీ తెచ్చి, దాని కరెంటు కొన్ని క్షణాలు ఆ తీగలకు తగిలిస్తే ఇనుములో మళ్లీ బలం పుడుతుందట. మా ఇంజను చేత్తో హ్యాండిల్ తిప్పితే లేచే రకం, దానికి బ్యాటరీ లేదు. రైస్‌మిల్లు లారీ మంచిర్యాల పోయింది. బస్సు పొద్దున్నే వెళ్లిపోయింది.

"సాబ్ జీపుల ఉంటది గద" అన్నాడు లైన్‌మన్.

"సాబ్‌నే అడిగి, సాబ్ జీపే ఇప్పి, సాబ్ ముంగటనే తోడేసి, మిషన్ మంచిగ నడుపుతున్న సాబ్ అని చెప్పాల్నా?" అన్నాడు ఉస్తాద్.

ఇక మిగిలినవి టార్చిలైటు సెల్లు. పొలానికి పోయే ప్రతి రైతు ఇంట్లో ఒక టార్చి ఉండేది. యాభై అరవై సెల్లు వరసగా కలిపితే చాలన్నాడు ఉస్తాద్. కొందామంటే దుకాణాలన్నీ మూత. కోమటాయన తక్కెడను, తూకంరాళ్లను పూజలో పెట్టి తాళం వేసుకున్నాడు. కనుక ఇల్లిల్లూ తిరిగి అడిగి తేవాలి. ఉస్తాద్ డైనమో విడిచి కదలడానికి లేదు. లైన్‌మన్ అడిగితే ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే దొంగ కొక్కేలు తగిలించారని కిందటి నెలే సగం ఊరి తీగలు కోసి వచ్చాడు. అతను బుట్ట పట్టుకోవాలి, నేను అడగాలి. టైము నాలుగున్నర.

మొదటి ఇల్లు ఒక రైతుది. నేను గడప ఎక్కలేదు. వీధిలోనే నిలబడి అన్నాను.

"మీ ఇంట్లో టార్చి ఉంటే సెల్లు తీసి ఇవ్వండి. పవర్‌హౌస్‌కు కావాలి."

ఆయన తలుపు చట్రానికి ఆనుకుని నన్ను తీరిగ్గా చూశాడు.

"మా తాత మీ గడికి ఎడ్లిచ్చిండు, బండిచ్చిండు, గడ్డిచ్చిండు, పండుగకో కోడిచ్చిండు. ఏదో ఒకటి మిగిలిపోయిందని నాకు అప్పుడప్పుడు అనిపించేది. సెల్లన్నట్టు."

తలుపు మూసుకుంది. పక్కన లైన్‌మన్ బుట్టలో మొహం పెట్టుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

రెండో ఇల్లు నేతగానిది. మగ్గం ముందు నాడెలు, కత్తెర, వాటి పక్కన కుంకుమబొట్టుతో టార్చి. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా ముట్టకూడదని అతనన్నాడు. ఊరికి దీపాల కోసమే కదా అని నేనన్నాను.

"మరి మీరు ఇంజనును పూజల పెట్టి ఇయ్యాల్నే ఎట్ల తిప్పుతరు?"

"అది సర్కారీ పూజ, దానికి సెలవు లేదు" అన్నాడు లైన్‌మన్. నేతగాడు ఒప్పుకోలేదు.

అయిదిళ్లు తిరిగాం. బుట్ట ఖాళీ. సగం ఇళ్లలో టార్చి పూజలో ఉంది, మిగతా సగంలో నేను నచ్చలేదు.

"దొరా, తప్పుగ అనుకోకుండ్రి" అన్నాడు లైన్‌మన్. "మీరు అడుగుత లేరు. చెప్తున్నరు."

"రెండింటికీ తేడా ఏమిటి?"

"బుట్టల కనబడుతుంది గద."

ఆరో ఇల్లు పాలూ పెరుగూ అమ్మే ఒక ముసలవ్వది. అరుగు మీద కూర్చుని కుండకు పట్టిన మసి తోముతోంది. ఆ వేళకు నీడలు పొడుగయ్యాయి. ఆరింటికి ఉస్తాద్ మొహం ఎలా ఉంటుందో, ఆ ఆరు కోళ్లు ఎటు పోతాయో నా కళ్ల ముందు కదిలింది. నేను మెట్లెక్కాను. జరిగినదంతా చెప్పాను. తీగలు నేనే విప్పానని కూడా చెప్పాను. తోడు అన్న మాట దగ్గర ఆమె చేతిలో కుండ ఆగింది.

"డైనమోకు తోడా? ఎవ్వలు చెప్పిండ్రు, ఉస్తాదా? గాయిన మా దగ్గర్నే పెరుగు కొంటడు, తెలివి రాక ఏం జేస్తది." ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "తోడు అడుగచ్చినోడు ఎట్లుండాలె కొడుకా?"

"ఎట్లా?"

"చేతుల గిన్నె ఉండాలె. చెయ్యి ముంగటికుండాలె. నువ్వు చేతులు ఎనుకకు కట్టుకొని నిలబడ్డవు. నేనేడ పొయ్యాలె తోడు, నీ ఈపు మీదనా?"

నా చేతులు నిజంగానే వెనక్కి ఉన్నాయి. మా ఇంట్లో మగవాళ్లందరూ అలాగే నిలబడేవాళ్లు. వాటిని ముందుకు తేవడానికి ఆశ్చర్యంగా కొంచెం కష్టమైంది.

"అవ్వా, నీ టార్చి సెల్లు ఇస్తవా?" అన్నాను.

"టార్చి పూజల ఉన్నది" అందామె. నా ప్రాణం ఉసూరుమంది. ఆమె మాత్రం గూట్లోంచి టార్చి తీసి, అడుగు మూత తిప్పి, రెండు సెల్లు నా అరచేతుల్లో వేసింది. "బొట్టు టార్చికి పెట్టిన. సెల్లు కడుపుల ఉండె. కడుపుల ఉన్నదానికి ఎవ్వలన్న బొట్టు పెడ్తరా?"

ఇంత చక్కని తీర్పు మా బాపు వేసిన మూడు దావాల్లోనూ రాలేదు. ముసలవ్వ అంతటితో ఆగలేదు. కొంగు నడుముకు చెక్కి మాకంటే ముందు వీధిలో నడిచింది. ప్రతి ఇంటి ముందూ అదే వాదన. "సెల్లుకు బొట్టు పెట్టిండ్రా? పెట్టలె. మరి తియ్యుండ్రి. పొద్దుగూకి దీపం పెట్టినంక తోడు ఇయ్యరాదు, జల్ది జేయుండ్రి." నేతగాడు ఒక్క క్షణం ఆలోచించి, టార్చిని పూజలో కదపకుండానే పడుకోబెట్టి సెల్లు దొర్లించి ఇచ్చాడు. ఆమె వాదించేది, నేను చేతులు చాచేవాడిని, లైన్‌మన్ బుట్ట పట్టేవాడు.

చివరికి మొదటి రైతు ఇంటికి మళ్లీ వచ్చాం. ఈసారి గడప దాకా పోయాను. "అన్నా, మూడు సెల్లుంటే ఇయ్యవా. తప్పు నాది, ఉద్యోగం ఉస్తాద్‌ది పోతది" అన్నాను. అతను లోపలికి పోయి మూడు సెల్లు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు.

"ఇప్పుడు అడిగినవ్" అన్నాడు.

అరవై రెండు సెల్లతో షెడ్డుకు చేరేసరికి అయిదూ నలభై. ఉస్తాద్ వెదురు బొంగులు నిలువునా చీల్చి బద్దలు సిద్ధంగా పెట్టాడు. సెల్లను ఒకదాని మూతి ఒకదాని వీపుకు తగిలేలా బద్దల్లో పేర్చి, రెండు చివర్లా తీగలు బిగించాం. ఆ వరసను చూస్తే రైలుబండి బోర్లాపడినట్టుంది. ఇంజను తిప్పారు. తీగల కొసలు గుడ్డతో పట్టుకుని డైనమో బోల్టులకు తాకించే పని నాది.

"నేను తియ్యి అనంగనే తియ్యాలె" అన్నాడు ఉస్తాద్.

తాకించాను. ముల్లు కదల్లేదు. మళ్లీ. మళ్లీ. నాలుగోసారి ముల్లు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు వణికింది. తర్వాత లేచింది. పది, ముప్పై, డెబ్భై. నేను నోరు తెరిచి దాన్నే చూస్తున్నాను. నూరు, నూట యాభై. తీగకూ అయస్కాంతానికీ మధ్య ఏం మాట కుదిరిందో గానీ, ఒకదాన్నొకటి భుజం తట్టుకుంటూ ఎక్కుతున్నాయి. షెడ్డులో బల్బు ఎర్రబడి, పసుపై, తెల్లబడింది. ఉస్తాద్ తియ్యి తియ్యి అని నాలుగుసార్లు అరిచాడట. ఇంజను మోతలో నాకు వినపడలేదని ఆ రోజు చెప్పాను. వినపడింది. చేతులు కదల్లేదు, అంతే.

డైనమో కరెంటు తిరిగి సెల్లలోకే పోయింది. అవి బుస్సుమన్నాయి. అన్నం పొంగినట్టు పొంగి, ఒక్కొక్కటే నల్లటి ముద్ద కక్కాయి. లైన్‌మన్ నా మోచేతి మీద కర్రతో కొట్టాడు, అప్పుడు వదిలాను. బయట వీధి దీపాలు వెలిగి ఉన్నాయి. ఊళ్లోంచి పిల్లల కేక వినిపించింది. అదే సమయానికి గేటు ముందు జీపు ఆగింది.

ఇంజనీరు గారు కోస్తా వైపు మనిషి, సన్నగా, కళ్లద్దాలతో. లోపలికి వచ్చి మీటరు చూశారు. బాగుంది. ఇంజను చూశారు. బాగుంది. తర్వాత కింద చూశారు. వెదురు బద్దల్లో అరవై రెండు సెల్లు నురగలు కక్కుతూ ఉన్నాయి.

"ఏమిటండీ ఇదంతా?"

"పాత మిషన్ సాబ్" అన్నాడు ఉస్తాద్, నా వైపు చూడకుండా. "ఎప్పుడన్నొకసారి గిట్లనే మొరాయిస్తది."

ఇంజనీరు గారి కళ్లు చిన్నవయ్యాయి. యంత్రం మొరాయిస్తుందన్న మాట అర్జీలో కూడా ఉండి ఉంటుంది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు.

మా వంశంలో తప్పు ఒప్పుకోవడం కోర్టులో మాత్రమే, అదీ వకీలు ద్వారా. నేను ఒక అడుగు ముందుకేసి అంతా చెప్పాను. ముట్టవద్దన్న తీగలు ముట్టడం, ఎర్రదారం, ఉల్టా బిగింపు, ముసలవ్వ తీర్పు, ఇప్పుడు సెల్లు పాడుచేయడం. చెబుతున్నప్పుడు నా చేతులు ఎక్కడున్నాయో మాత్రం గుర్తులేదు.

ఆయన వంగి ఆ వెదురు బద్దలను పరిశీలించారు. తర్వాత ఉస్తాద్ వైపు తిరిగారు.

"ఈ ఉపాయం మా పుస్తకాల్లో ఉందయ్యా. వెదురు బద్ద లేదనుకో. నువ్వెక్కడ చదివావు?"

"సదువు రాదు సాబ్."

"మరి ఎలా తెలుసు?"

ఉస్తాద్ టోపీ సర్దుకున్నాడు.

"మిల్లుల పనికి కుదిరిన కొత్తల నేనే ఉల్టా కట్టిన సాబ్."

ఇంజనీరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, నవ్వు దాచుకోవడానికని నా అనుమానం. ఉస్తాద్ భార్య పంపిన టీ తాగారు. రిజిస్టరులో రెండు వాక్యాలు రాశారు. యంత్రం సమర్థుని చేతిలో ఉంది, అతన్ని కొనసాగించవచ్చు, అన్నది మొదటిది. హెల్పరు ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు వాయిదా, అన్నది రెండోది. రెండూ న్యాయంగానే ఉన్నాయి.

జీపు పోయాక ఉస్తాద్ నా పక్కన కూర్చుని బీడీ ముట్టించాడు.

"ఎందుకు చెప్పినవ్? నేను సంభాళిస్తుంటి గద."

"అబద్ధం మీకు రావడం లేదు" అన్నాను.

"గదీ నిజమే" అని, బీడీ నుసి రాల్చి, "దొరా" అన్నాడు. నేను లేవబోయాను. ఆ పిలుపు తర్వాత పని రాకపోవడం అదే మొదటిసారి.

మర్నాడు దసరా. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, కౌగిలించుకునే ఆచారం మా వైపు. పొద్దుటి నుంచి ఊరు ఊరంతా పవర్‌హౌస్‌కు వచ్చింది. ఒక్కొక్కరూ నా చేతిలో ఆకు పెట్టి, గట్టిగా హత్తుకుని, చెవి దగ్గర, "మా సెల్లు?" అని అడిగారు. ముసలవ్వయితే ఆకు కూడా తేలేదు.

"తోడు తీసుకపోయినోడు తోడు తిరిగియ్యాలె కొడుకా. లేకుంటె రేపెవ్వలియ్యరు."

సగం ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు ఉస్తాద్. వద్దన్నాను. ఆ సాయంత్రం చాచిన చేతులు నావి, తిరిగి ఇచ్చే చేతులు కూడా నావే కావాలని నాకు పట్టుదల వచ్చింది. అది వంశం పొగరే అయితే అయి ఉండవచ్చు.

ఆ వారంలోనే కరీంనగర్ పోయి, మా తాతగారు తాంబూలం ఉమ్ముకునే వెండి పాత్రను ఒక కంసాలికి అమ్మి, అరవై రెండు కొత్త సెల్లు కొన్నాను.